అడ్డపొగకు అడ్డు నిలిచే ప్రోటీన్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరప్రాంత గ్రామాల్లో పెరిగినవారికి అడ్డపొగ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. తెలియనివారి కోసం చెప్పాలంటే, చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని, పెదవులు మూసి పీల్చే అలవాటు అది. ఎక్కువగా ఆడవాళ్లే ఈ విధంగా తాగుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని కొందరు, చేతిలో పని ఉన్నా నుసి మీద రాలదని కొందరు కారణాలు చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లను పరీక్షించిన పరిశోధకులు, వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారేనని 1971లో ప్రచురించారు. అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడనే లేదు. ప్రపంచంలో మరెక్కడైనా అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ వైద్యులకు పరిచితమైన జబ్బు కావడానికి కారణం ఆ నిప్పు కొసే. మంటకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అంగిలి.

అయితే ఈ అలవాటు గురించి ఎవరితో మాట్లాడినా ఒక ప్రశ్న ఎదురవుతుంది. "మా మామ్మ అడ్డపొగ తాగతానే ఎనబైయేళ్లు బతికీసింది, ఆవిడికేటయిపోనాది?" అంటారు. దీన్ని మొండివాదమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఇది నిజంగా మంచి ప్రశ్న. పెళ్లినాటికే చుట్ట అలవాటైన మనిషికి, రోజూ అంగిలి కాలుతూ ఉన్నా, పుండు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టడమేమిటి? చాలామందికి అసలు బయటపడకపోవడమేమిటి? పొగలోని విషాలు జన్యువులను దెబ్బతీస్తాయన్నది నిజమైతే, మొదటి ఏడాదిలోనే ఎందుకు క్యాన్సర్ రాలేదు? ఇన్నేళ్లూ దాన్ని అడ్డుకున్నది ఎవరు? దీనికి జవాబు వెతకాలంటే కణం లోపల కాపలా ఉండే కొన్ని ప్రోటీన్ల పని తెలుసుకోవాలి. వీటిని కణితి నిరోధక ప్రోటీన్లు అంటారు.

మనిషి శరీరంలో సుమారు 37 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. అందులో రోజుకు దాదాపు 33 వేల కోట్ల కణాలు రాలిపోయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. వీటిలో రక్తకణాలదే సింహభాగం. పేగు లోపొర, చర్మం, నోటి లోపలి పొర కూడా నిరంతరం పునర్నిర్మాణం అవుతూ ఉండేవే. కొత్త కణం రావాలంటే ఉన్న కణం రెండుగా చీలాలి, చీలే ముందు సుమారు 600 కోట్ల అక్షరాల జన్యులిపిని తప్పు లేకుండా నకలు రాసుకోవాలి. ఎంత శ్రద్ధగా రాసినా తప్పులు దొర్లుతాయి. పైగా ఎండ, పొగ, శరీరంలోనే పుట్టే రసాయనాలు కలిసి ఒక్కో కణంలోని డీఎన్ఏకు రోజుకు వేల సంఖ్యలో దెబ్బలు తగిలిస్తాయి. ఇన్ని విభజనలు, ఇన్ని దెబ్బలు లెక్కవేసుకుంటే ఆశ్చర్యపోవలసింది కొందరికి క్యాన్సర్ ఎందుకు వస్తుందని కాదు, పదేళ్లు నిండకుండానే అందరికీ ఎందుకు రావడం లేదని.

కణవిభజనను నడిపించే వ్యవస్థను వంశధార మీద హిరమండలం దగ్గర ఉన్న గొట్టా బ్యారేజీతో పోల్చి చూడవచ్చు. ఎగువన నీరు ఎప్పుడూ ఒత్తిడి చేస్తూనే ఉంటుంది. కాలువకు నీరు వదలాలంటే షట్టరు ఎత్తాలి. షట్టరు ఎత్తడానికి పైనుంచి ఆదేశం రావాలి, ఎత్తే ముందు కాలువ గట్టు ఎక్కడైనా తెగి ఉందేమో లస్కరు, అంటే కాలువ కాపలాదారు, చూసుకోవాలి. కణంలో షట్టరు పని చేసేది ఆర్‌బీ అనే ప్రోటీన్. లస్కరు పని చేసేది పి53 అనే మరో ప్రోటీన్. కణితి నిరోధక ప్రోటీన్లు పదుల సంఖ్యలో ఉన్నా, ఈ రెంటి కథ అర్థమైతే మిగిలినవాటిని అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ముందుగా షట్టరు సంగతి. విభజన చెందని సమయంలో కణం తన మామూలు పనులు చేసుకుంటూ ఉంటుంది. డీఎన్ఏ నకలు రాయడానికి కావలసిన ఎంజైముల జన్యువులన్నిటినీ ఒక్కసారిగా మేల్కొలపగల ఈ2ఎఫ్ అనే ప్రోటీన్ల కుటుంబం ఆ కణంలో సిద్ధంగానే ఉంటుంది, కానీ ఆర్‌బీ దాన్ని గట్టిగా పట్టుకుని కదలనివ్వదు. చుట్టుపక్కల కణజాలానికి కొత్త కణాలు అవసరమైనప్పుడు, ఉదాహరణకు అంగిలి మీద వేడి అన్నం తగిలి పొర ఊడినప్పుడు, పెరుగుదల సంకేతాలు వస్తాయి. వాటివల్ల సైక్లిన్-డి అనే ప్రోటీన్ తయారై, సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములతో జతకట్టి, ఆర్‌బీ ఒంటిమీద ఫాస్ఫేట్ అణువులను ఒకటొకటిగా తగిలిస్తుంది. ఫాస్ఫేట్ల వల్ల ఆర్‌బీ ఆకారం మారి, పట్టు సడలి, ఈ2ఎఫ్ విడుదలవుతుంది. అక్కడినుంచి కణానికి వెనుదిరిగే అవకాశం లేదు. బయటి సంకేతాలు ఆగిపోయినా నకలు రాయడం మొదలుపెట్టి విభజన పూర్తి చేస్తుంది. ఇలా వెనుదిరగలేని ఘడియ ఒకటి కణచక్రంలో ఉందని 1974లోనే ఆర్థర్ పార్డీ చూపించాడు, అప్పటికి ఆర్‌బీ అనే పేరే ఎవరికీ తెలియదు. కణచక్రాన్ని నడిపే సైక్లిన్లనూ, సీడీకేలనూ కనుగొన్న లేలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ షట్టరుకు మళ్లీ కాపలాలు ఉన్నాయి. పి16 అనే ప్రోటీన్ సీడీకే4, సీడీకే6లను అడ్డుకుని, ఫాస్ఫేట్లు తగిలించనివ్వకుండా చేస్తుంది. వయసు మీరిన కణాల్లోనూ, అదేపనిగా విభజన చెందమని ఒత్తిడికి గురయ్యే కణాల్లోనూ దీని మోతాదు పెరుగుతుంది. పి16 జన్యువు పోగొట్టుకున్న కణంలో ఆర్‌బీ బాగానే ఉన్నా ఎప్పుడూ ఫాస్ఫేట్ల బరువుతో ఉండి పట్టు నిలుపుకోలేదు. షట్టరు బాగానే ఉన్నా, దాని గొలుసును ఎవరో ఎప్పుడూ పైకి లాగి ఉంచినట్లు అవుతుంది. క్యాన్సర్ కణాలను పరిశీలిస్తే కొన్నింట్లో ఆర్‌బీ పోతుంది, కొన్నింట్లో పి16 పోతుంది, కొన్నింట్లో సైక్లిన్-డి మితిమీరుతుంది. ఒకే కణంలో ఇవన్నీ కలిసి జరగడం అరుదు. దారి ఒకసారి తెరుచుకున్నాక మళ్లీ తెరవవలసిన అవసరం కణానికి ఉండదు.

ఇలాంటి అడ్డంకులు ఉంటాయన్న ఆలోచనే మొదట్లో ఎవరికీ పెద్దగా రుచించలేదు. క్యాన్సర్ అంటే కణానికి ఏదో కొత్త శక్తి రావడమేనని చాలాకాలం అనుకున్నారు. 1969లో హెన్రీ హారిస్ బృందం ఎలుకల క్యాన్సర్ కణాన్ని మామూలు కణంతో కలిపి ఒకే కణంగా చేసి చూసింది. క్యాన్సర్ అనేది అదనపు శక్తి అయితే, కలిసిన కణం కూడా క్యాన్సర్‌లాగే ప్రవర్తించాలి. కానీ కలిసిన కణాలు కణితులు పెట్టడం మానేశాయి. కొంతకాలానికి అవి కొన్ని క్రోమోజోములను పోగొట్టుకున్నాక మాత్రమే మళ్లీ కణితులు మొదలయ్యాయి. అంటే మామూలు కణం తెచ్చిన ఏదో ఒకటి క్యాన్సర్ కణాన్ని అదుపులో పెట్టింది. క్యాన్సర్ కణంలో లోపించింది అదే. వచ్చినదాన్ని వెతకడం సులువు, పోయినదాన్ని గుర్తించడం కష్టం కాబట్టే ఈ శాస్త్రం ఇంత ఆలస్యంగా ఎదిగిందని నా అభిప్రాయం.

పోయినదాన్ని లెక్క వేసి చూపించినవాడు అమెరికాకు చెందిన వైద్యుడు ఆల్ఫ్రెడ్ నడ్సన్. చిన్నపిల్లల కంటి రెటీనాలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే అరుదైన క్యాన్సర్ మీద ఆయన దృష్టి పెట్టాడు. కొందరు పిల్లలకు ఇది పుట్టిన కొన్ని నెలలకే, తరచుగా రెండు కళ్లలోనూ వస్తుంది. మరికొందరికి కొంచెం పెద్దయ్యాక, ఒకే కంట్లో వస్తుంది. 1971లో, అంటే మన జిల్లాలో అడ్డపొగ నివేదిక అచ్చయిన ఏడాదే, నడ్సన్ ఆస్పత్రి రికార్డుల్లోని 48 మంది పిల్లల వయసులను కాగితం మీద గీతలుగా గీశాడు. రెండు కళ్ల జబ్బు ఉన్నవారి గీత ఒక్క సంఘటన కోసం ఎదురుచూస్తున్నట్లు సూటిగా దిగింది. ఒక కంటి జబ్బు ఉన్నవారి గీత రెండు సంఘటనలు వరుసగా జరగాలన్నట్లు వంపు తిరిగింది. ప్రయోగశాలలో గాజు గొట్టం కూడా ముట్టుకోకుండా ఆయన ఒక నిర్ధారణకు వచ్చాడు. ప్రతి కణంలోనూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఒకే జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. కణితి రావాలంటే రెండూ పోవాలి. రెండు కళ్ల జబ్బుతో వచ్చిన పిల్లలు ఒక ప్రతి పాడైపోయిన స్థితిలోనే పుట్టారు కాబట్టి వారికి ఒక దెబ్బ చాలు. మిగిలినవారికి ఒకే కణంలో రెండు దెబ్బలు పడాలి.

నడ్సన్ ఊహించిన జన్యువును 1986లో 13వ క్రోమోజోము మీద పట్టుకున్నారు. రెటినోబ్లాస్టోమా పేరులోని మొదటి అక్షరాలే ఆర్‌బీ అయ్యాయి. చిన్నపిల్లల కంటిలో ఉండే షట్టరు జన్యువు ఒంట్లోని ప్రతి కణంలోనూ అదే పని చేస్తుందని అప్పుడు అర్థమైంది. పోతూ పోతూ ఒక మాట. పసిపిల్లల ఫొటో తీసినప్పుడు ఫ్లాష్ వెలుగుకు ఒక కంటిపాప ఎర్రగా కాక తెల్లగా మెరిస్తే, దాన్ని కెమెరా లోపం అనుకోకుండా వెంటనే కంటి వైద్యుడికి చూపించాలి. తొందరగా పట్టుకుంటే ఈ జబ్బు నుంచి పిల్లలు ఎక్కువ శాతం బయటపడతారు.

రెండు దెబ్బల లెక్కలోనే మామ్మగారి ప్రశ్నకు సగం జవాబు ఉంది. అంగిలిలోని ఒక కణానికి పొగవల్ల ఒక ప్రతి పోయినంత మాత్రాన ఏమీ కనిపించదు. రెండో ప్రతి తన పని తాను చేసుకుపోతుంది. రెండో దెబ్బ అదే జన్యువు మీద, అదే కణం మీద, లేదా దాని సంతానం మీద పడాలి. అది జరిగినా ఒక్క షట్టరు పోయినట్లే, ఇంకా లస్కరు మిగిలే ఉంటాడు. ఇన్ని యాదృచ్ఛికాలు ఒకే కణం వంశంలో కూడబలుక్కున్నట్లు కలిసిరావడానికి దశాబ్దాలు పడుతుంది. కొందరి జీవితకాలంలో అవి కలిసిరానే రావు. మామ్మగారి అదృష్టం నిజమే. కానీ అది ప్రతిసారీ పాచిక వేసి గెలుస్తూ రావడం వంటి అదృష్టం, పాచిక వేయడం మానేసిన అదృష్టం కాదు.

ఇక లస్కరు సంగతి. పి53ను 1979లో డేవిడ్ లేన్, ఆర్నాల్డ్ లెవీన్ తదితరుల బృందాలు వేరువేరుగా కనుగొన్నాయి. విచిత్రమేమిటంటే, దాదాపు పదేళ్లపాటు దీన్ని క్యాన్సర్ కలిగించే ప్రోటీన్‌గానే భావించారు. కణితుల్లో ఇది కుప్పలుగా పేరుకుని కనిపించింది. జన్యువును వేరుచేసి కణాల్లోకి ఎక్కిస్తే అవి అదుపు తప్పి పెరిగాయి. పరిశోధకులు వేరుచేసి వాడిన ప్రతులు అప్పటికే పాడైపోయినవని తర్వాత తెలిసింది. దొంగ దగ్గర దొరికిన తాళంచెవిని చూసి, తాళం చేసినవాడే దొంగ అనుకున్నట్లు అయింది. 1989లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు కణితుల్లో 17వ క్రోమోజోము మీద ఉండే పి53 జన్యువుకు ఒక ప్రతి ఊడిపోయి, మిగిలిన ప్రతిలో తప్పు దొర్లి ఉండడం గమనించింది. అది నడ్సన్ చెప్పిన రెండు దెబ్బల లెక్కే. ప్రతినాయకుడనుకున్నది కాపలాదారు అని అలా తేలింది. 1992లో లేన్ దాన్ని జన్యురాశికి రక్షకుడని వర్ణించాడు. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగానికి పి53 జన్యువులోనే లోపం ఉంటుంది. మరే ఇతర జన్యువుకూ ఇంత పెద్ద వాటా లేదు.

ఆరోగ్యంగా ఉన్న కణంలో పి53 కోసం వెతికితే దాదాపు దొరకదు. కణం దాన్ని నిరంతరం తయారుచేస్తూనే ఉంటుంది, కానీ ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ దాన్ని వెంటాడి, కణంలోని చెత్తయంత్రానికి అప్పగించమని గుర్తు తగిలిస్తుంది. సుమారు ఇరవై నిమిషాల్లో సగం పి53 నాశనమైపోతుంది. తయారుచేయడం, పారేయడం దుబారాగా కనిపించినా ఇందులో గొప్ప తెలివి ఉంది. డీఎన్ఏ తెగిందని ఏటీఎం, ఏటీఆర్ అనే ఎంజైములు పసిగట్టగానే, పి53 మీద ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అప్పుడు ఎండీఎం2 దాన్ని పట్టుకోలేదు. కొత్త జన్యువును మేల్కొలిపి, ప్రోటీన్ తయారయ్యేదాకా ఆగకుండా, పారేయడం ఆపినంత మాత్రాన నిమిషాల్లో పి53 నిలవ పెరిగిపోతుంది. పి53 చేసే పనుల్లో ఎండీఎం2ను తయారుచేయించడం కూడా ఒకటి. అందుకే ప్రమాదం తీరగానే పి53 తానే తనను అదుపులో పెట్టుకుంటుంది. ఈ రెంటి మోతాదులు కొన్ని గంటలకోసారి కెరటాల్లా లేచి పడుతూ ఉండడాన్ని సూక్ష్మదర్శినిలో చూసినవారున్నారు.

పి53 నిలవ పెరిగాక కణం ముందు మూడు దారులు ఉంటాయి. దెబ్బ చిన్నదైతే పి21 అనే ప్రోటీన్‌ను తయారుచేయించి, సీడీకేలను ఆపి, మరమ్మతు పూర్తయ్యేదాకా విభజనను నిలిపివేస్తుంది. పి21 వల్ల ఆర్‌బీ మీద ఫాస్ఫేట్లు చేరవు. అంటే లస్కరు కేక వేయగానే షట్టరు దిగుతుంది, రెండు కాపలాలూ ఒకే గొలుసుకు కట్టి ఉన్నాయి. దెబ్బ మరమ్మతుకు లొంగకపోతే కణాన్ని శాశ్వతంగా విభజన మానిపించి, ముసలితనంలోకి నెడుతుంది. మరీ ఘోరంగా ఉంటే పీయూఎంఏ, బ్యాక్స్ వంటి ప్రోటీన్లను మేల్కొలిపి, కణం తనను తాను చంపుకునేలా చేస్తుంది. వేసవి ఎండకు భుజాల మీద చర్మం పొరలుగా ఊడడంలో ఈ మూడో దారిది పెద్ద పాత్ర. పాడైన కణం బతికి సంతానాన్ని కనడం కన్నా చావడమే ఒంటికి మేలని పి53 తీర్మానిస్తుందన్నమాట.

ఈ రెంటి స్వభావాల్లోని తేడా 1992లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో స్పష్టంగా బయటపడింది. ఆర్‌బీ పూర్తిగా లేని ఎలుక పిల్లలు తల్లి కడుపులోనే చనిపోయాయి. పి53 పూర్తిగా లేనివి మాత్రం చక్కగా పుట్టి, మామూలుగానే పెరిగాయి. అయితే ఆరు నెలల వయసు వచ్చేసరికి వాటిలో సుమారు నాలుగింట మూడొంతులకు కణితులు వచ్చాయి. ఒళ్లు కట్టడానికి షట్టరు ప్రతిరోజూ కావాలి. లస్కరు అవసరం గట్టు తెగిన రోజే తెలుస్తుంది.

పి53 విషయంలో రెండు దెబ్బల లెక్కకు ఒక మెలిక ఉంది. ఈ ప్రోటీన్ ఒంటరిగా పనిచేయదు, నాలుగు అణువులు జట్టుకట్టి డీఎన్ఏను పట్టుకోవాలి. నలుగురు బోయీలు పల్లకి మోసినట్లు అనుకోండి. రెండు ప్రతుల్లో ఒకటి తప్పు అక్షరంతో ఉంటే, కణంలో సగం బోయీలు కుంటివారు అవుతారు. నలుగురినీ చేతికందినట్లు ఏరితే, నలుగురూ ఆరోగ్యవంతులయ్యే జట్లు పదహారింట ఒకటే. మిగిలిన పదిహేను జట్లలో కనీసం ఒక కుంటివాడైనా ఉంటాడు. అందుకే పి53లో ఒక్క ప్రతి పాడైనా కాపలా సగానికి కాదు, అంతకన్నా బాగా బలహీనపడుతుంది. పాడైన పి53 కణితుల్లో కుప్పలుగా పేరుకుని తొలి పరిశోధకులను తప్పుదారి పట్టించింది కూడా ఇందుకే. ఎండీఎం2ను తయారుచేయించడం దానికి చేతకాదు కాబట్టి దాన్ని పారేసేవారు తగ్గిపోతారు.

ఈ కాపలాను మన ప్రాంతపు జీవితంలో ఉన్న మూడు వేరువేరు విషయాలు మూడు వేరువేరు విధాలుగా దెబ్బతీస్తాయి. మొదటిది పొగ. పొగాకు కాలినప్పుడు వచ్చే బెంజోపైరీన్ తనంతట తాను డీఎన్ఏ జోలికి పోదు. దాన్ని నీటిలో కరిగేలా చేసి బయటికి పంపాలని శరీరం చేసే ప్రయత్నంలోనే అది డీఎన్ఏకు అంటుకునే విషంగా మారుతుంది. 1996లో ఊపిరితిత్తుల కణాల మీద జరిగిన ప్రయోగంలో, అది పి53 జన్యువులోని 157, 248, 273 స్థానాల్లో గ్వానిన్ అనే డీఎన్ఏ అక్షరానికి అంటుకోవడానికి ఎక్కువ మొగ్గు చూపింది. పొగతాగేవారి ఊపిరితిత్తుల కణితుల్లో పి53 తప్పులు ఎక్కువగా కనిపించే స్థానాలు కూడా అవే. పొగకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని గణాంకాలు అప్పటికే చెప్పాయి, ఈ ప్రయోగం వేలిముద్ర దొరికినట్లు చేసింది. పి53 ప్రోటీన్‌లో 248వ స్థానంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం డీఎన్ఏను నేరుగా తాకే వేలు లాంటిది. అది మారితే పి53 పట్టు జారుతుంది. అడ్డపొగలో పొగతోపాటు నిప్పు వేడి కూడా ఉంది. కాలిన పొర మళ్లీ మళ్లీ పుట్టవలసి రావడంవల్ల కణాలు ఎక్కువసార్లు విభజన చెందుతాయి, తప్పు నకళ్లకు అవకాశాలు ఆ మేరకు పెరుగుతాయి.

రెండోది బూజు. అక్టోబరు తుపాన్లకు తడిసిన వేరుశనగ సరిగా ఆరకపోతే ఆకుపచ్చని బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయం దాన్ని విరగ్గొట్టే క్రమంలో అది కూడా డీఎన్ఏకు అంటుకుంటుంది. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోనూ, చైనాలోని చీడాంగ్‌లోనూ కాలేయ క్యాన్సర్ కణితులను పరిశీలించిన రెండు బృందాలు 1991లో ఒకే విషయాన్ని ప్రకటించాయి. పి53లో 249వ స్థానం దగ్గర ఒకే రకమైన తప్పు, ఏజీజీ అన్న మూడక్షరాల మాట ఏజీటీగా మారడం, పదేపదే కనిపించింది. ఆర్జినిన్ ఉండవలసిన చోట సెరీన్ చేరింది. హెపటైటిస్-బీ వైరస్ కూడా ఉన్నవారిలో ఈ ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుంది. వేయించినంత మాత్రాన ఈ విషం పూర్తిగా పోదు కాబట్టి, రంగు మారిన, ముడుచుకున్న, చేదు తగిలే వేరుశనగ పిక్కలను ఏరి పారేయడమే మంచిది. పశువులకు వేసినా పాలలోకి దాని రూపాంతరం చేరుతుంది. బూజు పట్టిన పిక్కలను నూనె గానుగకు పంపే అలవాటును మాత్రం సమర్థించుకోలేం.

మూడోదాని తీరు వేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ జన్యువులను పాడుచేయనక్కరలేదు. దాని ఈ6 అనే ప్రోటీన్ పి53ను పట్టి చెత్తయంత్రానికి అప్పగిస్తుంది, ఈ7 అనే ప్రోటీన్ ఆర్‌బీని కరుచుకుని ఈ2ఎఫ్‌ను పట్టుకోనివ్వదు. కోట్ల సంవత్సరాల పరిణామంలో వైరస్ ఎంచుకున్న రెండు లక్ష్యాలూ మనం ఇంతసేపూ చెప్పుకున్న షట్టరూ, లస్కరే. వైరస్‌కు కావలసింది క్యాన్సర్ కాదు, తన నకళ్లు రాసుకోవడానికి విభజన చెందే కణం మాత్రమే. ఈ దెబ్బ మిగతా రెంటికన్నా భిన్నమైనదని ప్రయోగాలు చూపించాయి. 1951లో ఒక అమెరికన్ మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసి ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెంచుతున్న హీలా కణాల్లో పి53 జన్యువు చెక్కుచెదరకుండానే ఉంది. వాటిలో వైరస్ ప్రోటీన్ల తయారీని అణచివేస్తే, అణగి ఉన్న పి53, ఆర్‌బీ రెండూ తిరిగి పనిలోకి దిగి, దశాబ్దాలుగా ఆగకుండా పెరిగిన కణాలు విభజన మానేశాయి. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమైన 16, 18 రకాల వైరస్‌లను టీకా అడ్డుకుంటుంది. 9 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలకు వేస్తే దాని ఫలితం ఎక్కువ. మన దేశంలోనే తయారైన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. మన పల్లెల్లో ఆడపిల్లలకు ఇది ఇంకా అందవలసినంతగా అందడం లేదని నాకనిపిస్తుంది.

క్యాన్సర్ వంశపారంపర్యమా అని చాలామంది అడుగుతారు. ఎక్కువ క్యాన్సర్లు కావు. కానీ ఒక ప్రతి పాడై పుట్టినవారి విషయంలో నడ్సన్ లెక్క అన్ని అవయవాలకూ వర్తిస్తుంది. పి53 ఒక ప్రతి పాడై పుట్టిన కుటుంబాల్లో చిన్నవయసులోనే ఎముక, రొమ్ము, మెదడు వంటి చోట్ల క్యాన్సర్లు రావడాన్ని 1969లోనే లీ, ఫ్రామెనీ అనే ఇద్దరు వైద్యులు వర్ణించారు. దానికి కారణం పి53 అని 1990లో తెలిసింది. డీఎన్ఏ రెండు పోగులూ తెగినప్పుడు అతికే పనిలో ఉండే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపంతో పుట్టిన స్త్రీలకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు చాలా ఎక్కువ.

చికిత్స దగ్గరికి వచ్చేసరికి అసలు ఇబ్బంది బయటపడుతుంది. మితిమీరి పనిచేసే ప్రోటీన్‌కు మందు వేయడం సాధ్యమే, దాని నోట్లో ఒక రసాయనం కుక్కి ఆపవచ్చు. లేని ప్రోటీన్‌కు మందు ఎక్కడ వేస్తాం? పోయిన జన్యువును ప్రతి క్యాన్సర్ కణంలోకీ తిరిగి పంపడం కష్టం, ఒక్క కణానికి అందకపోయినా అది మళ్లీ పెరుగుతుంది. చైనా 2003లో పి53 జన్యువును వైరస్ మీద ఎక్కించి ఇచ్చే చికిత్సకు అనుమతి ఇచ్చింది గాని, ప్రపంచమంతా దాన్ని స్వీకరించలేదు. ఎండీఎం2 పట్టును విడిపించి, బాగున్న పి53ను నిలబెట్టే మందుల కోసం 2004 నుంచి ప్రయత్నాలు సాగుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న రక్తకణాల్లో కూడా పి53 రెచ్చిపోవడం వాటికి పెద్ద అవరోధం.

చుట్టుదారిలో వెళ్లినవారికి మాత్రం ఫలితం దక్కింది. రొమ్ము క్యాన్సర్‌లో వాడే పాల్బోసిక్లిబ్ అనే మందు 2015లో అమెరికాలో అనుమతి పొందింది. అది సీడీకే4, సీడీకే6లను ఆపుతుంది, అంటే లోపించిన పి16 చేయవలసిన పనిని ఒక మాత్ర చేస్తుంది. అయితే ఆ మాత్ర ఫలించాలంటే కణంలో ఆర్‌బీ మిగిలి ఉండాలి. షట్టరే కొట్టుకుపోయిన చోట గొలుసు దింపి లాభమేమిటి? రెండో చుట్టుదారి ఇంకా చిత్రమైనది. బీఆర్‌సీఏ పోయిన కణాలు డీఎన్ఏ మరమ్మతుకు పార్ప్ అనే మరో ఎంజైము మీద ఎక్కువగా ఆధారపడతాయి. దాన్ని కూడా ఆపితే మామూలు కణాలు బతుకుతాయి, బీఆర్‌సీఏ లేని క్యాన్సర్ కణాలు చనిపోతాయని 2005లో చూపించారు. ఆ సూత్రంతో తయారైన ఓలాపరిబ్‌ను 2014 నుంచి అండాశయ క్యాన్సర్‌కు వాడుతున్నారు. పోయినదాన్ని తిరిగి తేలేకపోయినా, పోవడంవల్ల కణంలో ఏర్పడిన బలహీనతను ఆయుధంగా మలచుకున్న మందు ఇది.

ప్రకృతి ఈ సమస్యను మరో విధంగా పరిష్కరించిన ఉదాహరణ మన పక్కనే తిరుగుతోంది. ఒడిశా నుంచి వచ్చి సీతంపేట, కురుపాం పరిసరాల్లో పంటలు తొక్కేస్తున్న ఏనుగుల గుంపు మీద రైతులకు ఉన్న కోపం న్యాయమైనదే. కానీ జీవశాస్త్రం ఆ జంతువులను చూసి చాలాకాలం ఆశ్చర్యపోయింది. మనిషి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కణాలతో, మనిషికి దగ్గరగా బతికే ఏనుగుకు క్యాన్సర్ ఎక్కువ రావాలి, కానీ రాదు. మనకు పి53 జన్యువు ఒకటే ఉండగా, ఏనుగుల్లో దాని నకళ్లు ఇరవై వరకు ఉన్నాయని 2015లో తేలింది. వాటిలో చాలావరకు కుదించిన రూపాలే అయినా, డీఎన్ఏకు దెబ్బ తగిలితే ఏనుగు కణం మరమ్మతు కోసం ఎదురుచూడకుండా మనిషి కణం కన్నా త్వరగా చావడానికి సిద్ధపడుతుంది.

ఏనుగులకున్నన్ని నకళ్లు లేని మనకు, మొదటి దెబ్బకూ చివరి దెబ్బకూ మధ్య దొరికే ఏళ్లే ఉన్న అవకాశం. శ్రీకాకుళం జిల్లాతో పాటు దేశంలోని మరో రెండు ప్రాంతాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడకందారులను ఎంచుకుని, అలవాటు మాన్పించే ప్రయత్నం చేస్తూ, ఏటా వారి నోళ్లను పరీక్షించిన అధ్యయనం 1986లో వెలువడింది. మానుకున్నవారిలో, తగ్గించినవారిలో, క్యాన్సర్‌గా మారగల నోటి తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది. దీన్ని షట్టరు, లస్కరు భాషలో చెప్పాలంటే, అంగిలి పొర కొన్ని వారాల వ్యవధిలోనే పాత కణాలను రాల్చి కొత్తవాటిని తెచ్చుకుంటుంది. కాల్పు ఆగితే అదనపు విభజనలు ఆగుతాయి, ఒక్క ప్రతే పోయిన కణాలకు రెండో దెబ్బ తగిలే అవకాశం తగ్గుతుంది. పోయిన జన్యువు తిరిగి రాదు, రెండు ప్రతులూ ఎప్పుడో పోగొట్టుకున్న కణం ఎక్కడైనా దాగి ఉంటే అది అలాగే ఉంటుంది. అందుకే చుట్ట మానేసి పదేళ్లయినవారు కూడా ఏడాదికోసారి దంతవైద్యుడి ముందు తల వెనక్కి వాల్చి నోరు తెరవాలి. అద్దం పట్టి అంగిలి మీద టార్చి వేసినప్పుడు ఆయన వెతికేది తెల్లబారిన పొర మధ్య ఎర్రని చుక్కలను మాత్రమే కాదు, అవి ఇలా పొగ తాగే చాలామందికి ఉండేవే. ఆ తెలుపులో ఎక్కడైనా చెరిగిన అంచుతో ఎర్రగా పలచబడిన చోటు, లేదా మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే, ఒక చిన్న ముక్క తీసి ప్రయోగశాలకు పంపుతారు. పాడైన పి53 కుప్పగా పేరుకున్న కణాలను రంగుతో పట్టి చూపించే పరీక్ష అక్కడ ఉంది.